న్యూయార్క్ చూసిన ఫణిగిరిని మనమెప్పుడు చూస్తం?

2023ల అమెరికాల ఒక ముచ్చట జరిగింది. న్యూయార్క్‌ల మెట్రోపాలిటన్ మ్యూజియం అని, ప్రపంచంలనే పెద్ద మ్యూజియాలల్ల ఒకటి ఉన్నది. అండ్ల జులై నుంచి నవంబర్ దాక మన దేశపు తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టిన్రు. ఆ ప్రదర్శనకు పోయిన రాళ్లల్ల మన సూర్యాపేట జిల్లా, నాగారం మండలం, ఫణిగిరి గుట్ట మీద దొరికినయ్ కూడ ఉన్నయ్. సముద్రాలు దాటిపోయినయ్. అక్కడి జనం టికెట్ కొనుక్కొని మరీ చూసిన్రు.

ఇగ మా దిక్కు ముచ్చట. మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి. మా కాడికెల్లి సూర్యాపేట పోయి, జనగామ రోడ్డెక్కితె దాదాపు 40 కిలోమీటర్లల్ల ఫణిగిరి వస్తది. బండి మీద పోయి పొద్దుమూకేలోపల ఇంటికి రావచ్చు. అయినా మా దోస్తుగాండ్లల్ల ఫణిగిరి పేరు ఎరుకైనోళ్లే తక్కువ, పోయి చూసినోళ్లు ఇంకా తక్కువ.

మా మండలంలనే కొర్లపహాడ్ టోల్‌గేట్ ఉన్నది. హైదరాబాద్–విజయవాడ రోడ్ల పోయేటోళ్లందరికీ ఎరుకే. సంక్రాంతి వస్తె చాలు, అక్కడ బండ్లు బారులు తీరుతయ్, టీవీలోళ్లు లైవ్ పెడ్తరు. ఆ బండ్లు పోయేది చరిత్ర నడుమకెల్లి. ఒక దిక్కు నల్లగొండ పానగల్ల ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం, వాటి పక్కన మ్యూజియం. ఇంకో దిక్కు సూర్యాపేట పక్కపొంటి పిల్లలమర్రి గుళ్లు. అటెనుక ఫణిగిరి. ఇవి చూద్దామని ఒక్క బండి మర్లితె గొప్ప. ఎందుకు మర్లది? చూసేటందుకు ఏం లేకనా? ఉన్నదని చెప్పెటోళ్లు లేకనా? నా లెక్కల రెండోదే. ఇది వట్టి టూరిజం ముచ్చట గాదు. ఎవలూ పట్టించుకోని రాయి ఊర్లె ఎక్కువ రోజులు ఉండది. అది గోడల రాయన్న అయితది, లేకుంటె దొంగల పాలన్న అయితది.

కెమెరాలు వచ్చినయ్, పోయినయ్

2025 మే నెలల హైదరాబాద్‌ల మిస్ వరల్డ్ పోటీలు పెట్టిన్రు. పోటీకి వచ్చిన అమ్మాయిలను రాష్ట్రమంత తిప్పిన్రు. బుద్ధపూర్ణిమ నాడు నాగార్జునసాగర్ బుద్ధవనం, తర్వాత వరంగల్, రామప్ప, పోచంపల్లి, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మాను. దేశదేశాల మీడియాల మన ఊర్ల పేర్లు వచ్చినయ్, మంచిదే. అయితె రామప్ప కాడ ఆ అమ్మాయిల కాళ్లు కడిగే దగ్గర మన ఆడోళ్లు నీళ్లు పోసిన వీడియో మీద పెద్ద లొల్లి అయ్యింది. గుడి ముచ్చట పక్కకు పోయి ఆ లొల్లే ముందటికొచ్చింది. ప్రచారం చేసేటప్పుడు ఎవల గౌరవం తక్కువ అయితుందో చూసుకోకపోతె గట్లనే అయితది.

సర్కారు 2025–30 పర్యాటక విధానం కూడ తెచ్చింది. ఐదేండ్లల్ల 15 వేల కోట్ల పెట్టుబడులు, 3 లక్షల కొలువులు అని లక్ష్యం పెట్టుకున్నది. వద్దని ఎవలంటరు? నేను అడిగేది వేరే. ఆ పైసలు పేరున్న కాడికే పోతయా, పేరు లేని కాడికి కూడ వస్తయా?

బుద్ధవనాన్నే చూడున్రి. 274 ఎకరాలు. 2022 మే 14 నాడు తెరిచిన్రు. అమరావతి స్థూపం ఎట్లుండెనో ఆ తీరుగ కొత్త మహాస్థూపం కట్టిన్రు, జాతక కథల బొమ్మలు పెట్టిన్రు. జనం పోతున్నరు. ఎందుకు పోరు? మంచి రోడ్డు, బండి పెట్టుకునే జాగ, నీళ్లు, నీడ, బోర్డులు ఉన్నయ్. కట్టినోళ్లను నేను తప్పు పడ్తలేను. అయితె అది కొత్తగ కట్టింది. అసలైన బౌద్ధ గుట్ట, 1,700 ఏండ్ల కింద భిక్షువులు నడిచిన రాళ్లు, ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని కాలంల చెక్కిన పద్య శాసనం, ఇవన్నీ ఉన్నది ఫణిగిరిల. నకలు కాడ ఉన్న సౌలతుల సగమన్న అసలు కాడ ఉండాలె అనుడు ఎక్కువడుగుడు అయితదా?

ఒక్క మాట కావాలె

రామప్ప గుడి 2021 జులైల యునెస్కో జాబితాకు ఎక్కింది. అంతకుముందు కూడ జనం పోయేటోళ్లు. రామప్ప అంటె ఏందని ఐదో తరగతి పిలగాన్ని అడిగినా ఒక మాట చెప్తడు: "నీళ్లల్ల తేలే ఇటుకలతోని కట్టిన గుడి." గా ఒక్క మాట చాలు. శిల్పకళ, కాకతీయులు, ఇసుక పునాది అన్నీ దాని ఎనుకొస్తయ్.

హైదరాబాద్ సాలార్జంగ్ మ్యూజియంల వేల సామాన్లు ఉన్నయ్. స్కూల్ టూర్ పోయినోళ్లను ఏం యాదికున్నదని అడుగున్రి. గడియారం అంటరు. గంట కొట్టే టైముకు లోపలికెల్లి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి మల్ల లోపలికి పోతది. గా కొద్ది సేపటి కోసం జనం కుర్చీలల్ల కూసొని ఎదురుచూస్తరు. మా దగ్గర మూసీ ప్రాజెక్టు కూడ గంతే. ఉత్త రోజులల్ల అటు దిక్కు చూడనోళ్లు, గేట్లు ఎత్తిన్రని తెలిస్తె పిల్లాజెల్లతోని ఉరుకుతరు. ఫలానా యాళ్లకు ఫలానాది అయితదని తెలిస్తె మనిషి కదులుతడు.

మూడోది మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మాను. దాదాపు 700 ఏండ్ల మర్రి అని చెప్తరు. 2018ల దానికి చెదలు పట్టి కొమ్మలు ఇరుగుతుంటె, సెలైన్ సీసాలల్ల మందు కలిపి మానుకు ఎక్కిచ్చిన్రు. మనిషికి ఎక్కిచ్చినట్టు మానుకు సెలైన్ ఎక్కిచ్చిన ఫోటో దేశం దాటి పోయింది. అందంగ ఉన్నదని చెప్తె రాని పేరు, పానం మీదికొచ్చింది బతికించుకుంటున్నం అంటె వచ్చింది. ఎట్ల కాపాడుకుంటున్నమో చూపెట్టుడు కూడ ఒక కథనే అని దీంతోని ఎరుకైతది.

మరి మన మూడు జాగలకు ఆ ఒక్క మాట ఏంది? నాకు తోచింది చెప్త.

సూర్యాపేట పిల్లలమర్రి: రామప్పను కట్టించింది రేచర్ల రుద్రుడు, 1213ల. పిల్లలమర్రి గుళ్లు కట్టించిందీ రేచర్ల వంశపోళ్లే, అంతకంటె ముందు. అండ్ల ఎరకేశ్వరాలయాన్ని 1208ల ఎరకసాని అనే ఆమె కట్టించింది. "రామప్ప కంటె ఐదేండ్లు పెద్దది, ఒక ఆడామె కట్టించిన గుడి." ఈ మాట రోడ్డు మీద బోర్డుకు రాస్తె బండి మర్లదా? దీనికి ఇంకో తిప్పల కూడ ఉన్నది. ఫోన్ల పిల్లలమర్రి అని కొడ్తె చాలాసార్లు మహబూబ్‌నగర్ మానే వస్తది. ఒకే పేరు, రెండు జాగలు. "సూర్యాపేట పిల్లలమర్రి గుళ్లు" అని పూర్తి పేరు పెట్టుకుంట పోతెనే ఈ తిప్పల తీరుతది.

ఫణిగిరి: 2024 మార్చి నెలాఖరుల తవ్వకాలల్ల ఒక మట్టికుండ దొరికింది. దాంట్ల 3,730 సీసం నాణేలు. ఒక దిక్కు ఏనుగు బొమ్మ, ఇంకో దిక్కు ఉజ్జయిని గుర్తు. "ఎవలో కుండల దాచిపెట్టిన 3,730 నాణేలు, మల్ల వచ్చి తీసుకోలే." మన నాయనమ్మలు బియ్యం డబ్బల పైసలు దాస్తరు సూడు, గదే అలవాటు. ఇది ఇన్న పిలగాడు "ఎందుకు తీసుకోలే?" అని అడుగుతడు. చరిత్ర పాఠం గా ప్రశ్న కాడనే మొదలైతది.

ఇప్పుడు మన మ్యూజియాలల్ల చీటీలు ఎట్లుంటయ్? "శిల్పం. సున్నపురాయి. క్రీ.శ. 3వ శతాబ్దం." అయిపాయె. చదువుకున్నోనికి అది చాలది, చదువుకోనోనికి అది అర్థంకాదు. గా చీటీ కిందనే ఇంకో రెండు వరుసలు మన మాటల రాస్తె ఏం పోతది? ఎవలు చెక్కిచ్చిన్రు, ఎందుకు చెక్కిచ్చిన్రు, దేనికి వాడిన్రు. దీనికి కోట్లు అక్కర్లే, కాయితం చాలు.

అబద్ధం చెప్పి పిలిస్తె వచ్చేది గడ్డపారనే

ఇప్పుడు జర కష్టమైన ముచ్చట. పానగల్ ఛాయా సోమేశ్వరం మీద ఫోన్లల్ల బోలెడు వీడియోలు తిరుగుతున్నయ్. గర్భగుడిల లింగం మీద పొద్దంత ఒకటే నీడ, కదలది. ఇది నిజమే, పోయి చూడొచ్చు. అయితె వీడియోలల్ల ఏమంటరు? "సైంటిస్టులకే అంతుపట్టని రహస్యం", "ఏ స్తంభం నీడనో ఎవలికీ తెల్వది."

నిజం చెప్తె ఇంకా మజా వస్తది. లోపలికి ఎండ నేరుగ పడది. పొద్దు ఎటున్నా, బయటి వెలుతురు చెదిరి, ఎప్పుడూ అవే సందులకెల్లి లోపలికి వస్తది. స్తంభాలు నిలవెట్టిన తీరు, వెలుతురొచ్చే తోవలు మారవు గనుక నీడ కూడ జరగది. అట్టడబ్బ, రెండు పెన్సిళ్లు, పల్చటి తెల్లకాయితం, టార్చిలైటు ఉంటె బళ్లె చేసి చూపెట్టొచ్చు. కందూరు చోళుల కాలంల రాళ్లతోని వెలుతురును గట్ల ఆడిచ్చినోనికి దండం పెట్టాలె. "రహస్యం" అని చేతులెత్తేస్తె, ఆ కట్టినోని తెలివికి పేరు లేకుంట చేసినట్టే.

ఇంకో అబద్ధం దీనికంటె చెడ్డది. "ఈ గుడి కింద బంగారం ఉన్నది", "ఈ కోటల నిధి ఉన్నది" అని వీడియోలు చేస్తరు. చూసేటోళ్లు పెరుగుతరు, నిజమే. ఎవలు చూస్తున్నరు? గుప్తనిధుల కోసం పాత గుళ్లల్ల నంది కింద, లింగం కింద తవ్విన వార్తలు మన జిల్లాలల్ల వస్తనే ఉంటయ్. దొరికేది మట్టి, పోయేది విగ్రహం. ఒక వీడియో లైకులకు 800 ఏండ్ల నంది ముక్కలైతది. ఫణిగిరిల కుండ దొరికిందని చెప్పేటప్పుడు కూడ అది సీసం అని, దాని విలువ అది దొరికిన జాగతోనే అని, మట్టి పొరల నుంచి గుంజి తీస్తె అది వట్టి లోహం ముక్క అని చెప్పాలె. చరిత్రను అమ్ముకుంట చరిత్రను మింగొద్దు.

కీళడి ఎట్ల చేసింది, పెద్దగట్టు ఎట్ల చేస్తున్నది

తమిళనాడు శివగంగ జిల్లాల కీళడి అనే చిన్న ఊరున్నది. కొబ్బరి తోటల కింద 2014–15ల తవ్వకాలు మొదలైనయ్. పాత ఊరు బయటపడ్డది. 2023 మార్చి 5 నాడు అక్కడనే మ్యూజియం తెరిచిన్రు. ఇయ్యాల తమిళ పోరగాండ్లకు కీళడి తెల్వదంటె నమ్మరు. ఎట్ల అయ్యింది? ఏడాదికేడాది తవ్వకంల ఏం దొరికిందో జనానికి వార్త లెక్క చెప్పిన్రు. దొరికిన సొమ్మును దొరికిన ఊర్లనే చూపెట్టిన్రు. ఇది మా తాతల ఊరు అని జనం అనుకున్నరు. దాంట్ల రాజకీయం కూడ కలిసింది, తేదీల మీద కొట్లాట కూడ నడుస్తున్నది. గర్వం ఎక్కువైతె నిజం వంగుతది, గది కూడ మనం యాదికుంచుకోవాలె. అయితె మ్యూజియం ఊర్లె పెట్టుడు, దొరికింది దొరికినట్టు చెప్పుడు, గీ రెండూ మనం నేర్చుకోవచ్చు.

అంత దూరం ఎందుకు, మన రోడ్డు మీదనే ఉన్నది పెద్దగట్టు. దురాజ్‌పల్లి లింగమంతుల స్వామి జాతర, రెండేండ్లకోసారి. మేడారం తర్వాత పెద్ద జాతర ఇదే అంటరు. లక్షల మంది వస్తరు, హైవే మీద బండ్లను వేరే తోవకు మళ్లిస్తరు. పోస్టర్లు చూసి వస్తరా? కాదు. కేసారం నుంచి దేవరపెట్టె ఎవలు తేవాలె, గంపలు ఎవలు ఎత్తాలె, బోనం ఎవలు వండాలె, ప్రతి ఇంటికీ ఒక పని ఉంటది. పని ఉన్నోడు రాకుంట ఉండడు.

అదే పెద్దగట్టుకు కొన్ని కిలోమీటర్ల దూరంల ఉన్న పిల్లలమర్రిల, అటు పానగల్ మ్యూజియంల ఊరోళ్లకు ఏం పని ఉన్నది? తాళం తీసేటోడు, తాళం ఏసేటోడు. అంతే. మనది అనుకునేటట్టు ఒక్క పనన్న ఊరికి ఇయ్యకపోతె ఎన్ని బోర్డులు పెట్టినా ఎవలిదో సర్కారు ఆస్తి లెక్కనే ఉంటది.

తలకాయలు లెక్కపెడ్తె చాలదు

ఎంతమంది వచ్చిన్రు అని లెక్క చెప్తరు. నాకు ఇంకో మూడు లెక్కలు కావాలె. వచ్చినోడు ఎంత సేపు ఉన్నడు? మల్ల వచ్చిండా? వాడు ఖర్చుపెట్టిన 100 రూపాయలల్ల ఊర్లె ఎన్ని మిగిలినయ్?

పోచంపల్లి 2021ల ప్రపంచ పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామం అనిపించుకున్నది. 1951 ఏప్రిల్ 18 నాడు వినోబా భావే ముందట భూదానం మొదలైన ఊరు, ఇక్కత్ నేసే ఊరు. పేరుకు తక్కువ లేదు. అయితె వచ్చినోడు మగ్గం ముందట ఫోటో దిగి, పట్నంల మిల్లు చీర కొంటె ఆ పేరుతోని నేతన్నకు ఏమొచ్చింది? మన జాగలల్ల కూడ ఇదే చూసుకోవాలె. చాయ, భోజనం, ఆటో, గైడు, ఈ నాలుగు పైసలు ఊర్లె పిలగాండ్లకు వస్తెనే ఆ రాయికి కావలి దొరుకుతది. నిజం కూడ చెప్పుకోవాలె: దీంతోని ఊరంతటికి కొలువులు రావు. ఒక్కో జాగల నలుగురికో ఐదుగురికో ఆదివారం ఆదివారం నాలుగు పైసలు రావచ్చు. అయినా కైకిలి లేని దినాన గా పైసలు తక్కువేం కాదు.

మనతోని అయ్యేది

తమ్ముండ్లు, చెల్లెండ్లు, సర్కారును అడిగేది సర్కారును అడుగుదాం. ఆదివారం సూర్యాపేట నుంచి పిల్లలమర్రికి, ఫణిగిరికి ఒక బస్సు. తాగేటందుకు నీళ్లు. ఆడపిల్లలు పోవడానికి తాళం లేని మరుగుదొడ్డి. తెరిచే టైము, మూసే టైము బయట రాసిన బోర్డు. టోల్ కాడ మూడు జాగల దారి చూపెట్టే బొమ్మ. ఇవి గొంతెమ్మ కోరికలు గావు. గ్రామసభల మీ సర్పంచును అడగున్రి, రాసియ్యున్రి.

ఫోన్ తోని అయ్యేది మనం చేద్దాం. ఒకటి, మ్యాపుల ఆ జాగల పేర్లు సరిగ పెట్టున్రి, తోవ, టైము, కొత్త ఫోటోలు ఎక్కియ్యున్రి. దీనికి రూపాయి ఖర్చు లేదు. రెండు, నిమిషంనర వీడియో మన యాసల చెయ్యున్రి. ఒక వీడియోల ఒకటే ముచ్చట, ఒకటే తేదీ, ఎరుకైనోళ్లను అడిగి సరిచూసుకున్నంకనే. నిధి మాట అస్సలు వద్దు. మూడు, రాయెక్కి ఫోటో దిగొద్దు, గోడల మీద పేర్లు చెక్కొద్దు, చెక్కెటోన్ని చూసి ఊకోవద్దు.

నాలుగోది అన్నిటికంటె తొందరది. చరిత్ర అంటె గుళ్లు, స్థూపాలే అనుకుంటున్నం. ఇదే హైవే మీద చిట్యాల మండలం గుండ్రాంపల్లిల రజాకార్ల కాలంల పానాలు పోయినోళ్ల స్థూపం ఉన్నది. ఎంతమంది బండి ఆపి చూసిన్రు? నల్లగొండ అంటెనే 1946 నుంచి 1951 దాక నడిచిన సాయుధ పోరాటం. ఆ రోజులు కండ్లతోని చూసినోళ్లు ఇయ్యాల 80, 90 ఏండ్లు దాటిన్రు. ఏ మ్యూజియంల వాళ్ల గొంతు లేకుంటె, మీ ఫోన్ల అన్న ఉండాలె. వెట్టి ఎట్ల చేసిన్రు, గడీకి ఏం మోసిన్రు, రాత్రిపూట దళానికి బువ్వ ఎవలు పెట్టిన్రు, అడిగి రికార్డు చెయ్యున్రి. పేరు పెట్టాల్నా వద్దా వాళ్లనే అడగున్రి. ఊరి పేరు, రికార్డు చేసిన తేదీ రాసిపెట్టున్రి. గ్రంథాలయంలనో బళ్లెనో ఒక కాపీ పెట్టున్రి.

ఫణిగిరి రాళ్లు 1,700 ఏండ్లు ఆగినయ్, ఇంకో ఏడాది ఆగుతయ్. మీ వాడకట్టు అవ్వ, తాత ఆగరు. ఈ ఆదివారం ముందు వాళ్ల కాడికి పోన్రి, వచ్చే ఆదివారం ఫణిగిరికి పోదాం.